తొంభై ఏడు సౌమ్యాల స్నేహం

గరువుపాలెం ఊరి చివర ఒక రన్‌వే ఉంది. యుద్ధకాలంలో విమానాల కోసం వేశారు గానీ, సిమెంటు ఆరేలోగా యుద్ధమే ముగిసిపోయింది. విమానాలు రాని ఆ నేల మీద కొన్నాళ్లు గేదెలు పడుకున్నాయి, కొన్నాళ్లు రైతులు ధాన్యం ఎండబెట్టుకున్నారు. ఆ ఊళ్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ తండ్రి స్కూటరు మీద నుంచి మొదటిసారి పడింది అక్కడే. ఇన్నేళ్లలో దాన్ని దాని అసలు ప్రయోజనానికి దగ్గరగా వాడినవారు ఇద్దరే ఇద్దరు: రొయ్యల చెరువుల వేగేశ్న తిరపతిరాజు, పళ్ల డాక్టరు గెద్దాడ ఏసుపాదం.

తిరపతిరాజుకు తండ్రి నుంచి సంక్రమించిన అమెరికా కారు ఒకటి ఉంది. ఎనిమిది సిలిండర్లు, ఎడమవైపు స్టీరింగు, ముందు సీటులో నలుగురు కూర్చుంటే ఐదోవాడికి చోటు మిగిలేంత వెడల్పు. అది స్టార్టయితే పక్క వీధిలో పళ్లెం మీద పెట్టిన గ్లాసు కదులుతుంది. ఏసుపాదం బండి జపానుది, చిన్నది. దాని ఇంజనుకు టర్బో తగిలించి, వెనక బిందె మూతంత పొగగొట్టం బిగించి, డిక్కీ మీద ఒక రెక్క నిలబెట్టి, తయారుచేసినవాడే గుర్తుపట్టలేనంతగా మార్చేశాడు. రాజు వెనక పాత పెద్దబండ్లవాళ్లు నలుగురైదుగురు, డాక్టరు వెనక జపాను బండ్ల కుర్రకారు కొందరు చేరడంతో, ప్రతి ఆదివారం పొద్దున్నే రన్‌వే మీద ఒక పోటీ జరిగేది.

గెలుపోటములకు అక్కడ కప్పులూ కానుకలూ లేవు. ఒక్కటే ఆనవాయితీ. గెలిచినవాడు ఓడినవాడి కారు బానెట్టు మీద విస్తరి పరిచి పెసరట్టు తింటాడు. ఓడినవాడు పక్కన నిలబడి అల్లం పచ్చడి వడ్డిస్తాడు. ఇందులో శాస్త్రం కూడా ఉంది. అప్పుడే పరుగెత్తిన ఇంజను మీద పెసరట్టు చాలాసేపు చల్లారదు.

"ఏరా, లాంచీ రేవు వదిలిందా, ఇంకా సరుకు ఎక్కుతోందా?" అని డాక్టరు అద్దం దించి అడిగేవాడు.

"ముందు నీ మిక్సీలో పప్పు తియ్యరా. మోటారు మాడిపోతున్న వాసనొస్తోంది," అని రాజు జవాబు.

"అది కారని చెప్పి అమ్మారట్రా మీ నాన్నగారికి? కల్యాణ మండపానికి చక్రాలు పెట్టినట్టుంది."

"నీ బండికి వెనక ఆ రెక్క దేనికో ఇన్నాళ్లకు తెలిసిందిరా. మీ ఆవిడ చీరలు ఆరేసుకోడానికి."

స్కూల్లో ఒకే బల్ల మీద కూర్చున్న నాటి నుంచి వాళ్లిద్దరి సంభాషణ ఇదే ధోరణిలో సాగుతోంది. ఇక్కడ బయటి పాఠకులకు ఒక మాట చెప్పాలి. గోదావరి పక్కన వెటకారం అనేది తిట్టు కాదు, ఒక రకం బంధుత్వం. కొత్తవాడు వస్తే "దయచేయండి, కూర్చోండి" అంటారు. వాడు మనవాడైన రోజున "వచ్చావా, ఊళ్లో ఇంకెవరూ తలుపు తియ్యలేదా" అంటారు. ఏకవచనంలో పెరిగిన ఇద్దరు మనుషులు ఉన్నట్టుండి ఒకరినొకరు "మీరు" అనుకున్నారంటే, వాళ్ల మధ్య గట్టు తగాదా అయినా వచ్చి ఉండాలి, వియ్యమైనా చెడి ఉండాలి.

ఈ సంగతి తెలియని ఒకే ఒక్క అధికారి ఆ జిల్లాకు బదిలీ మీద వచ్చాడు.

ఆయన రాకకు కారణం ఎక్కడో దూరాన జరిగిన ఒక క్రికెట్ ఆట. స్నేహపూర్వక పోటీ అని బ్యానరు కట్టి ఆడిన ఆ ఆటలో స్టంపులు పీకి తలలు పగలగొట్టుకున్నారు. ప్రభుత్వం నిపుణుల సంఘాన్ని వేసింది. సంఘం గణాంకాలు సేకరించి ఒక భయంకర సత్యాన్ని కనుగొంది: ఆ ఏడాది ఆటల్లో దెబ్బలు తిన్నవారందరూ స్నేహపూర్వక పోటీల్లోనే తిన్నారు. శత్రువుల మధ్య జరిగిన పోటీల్లో ఒక్కరికీ గీత కూడా పడలేదు. శత్రువులు అసలు ఆటలే ఆడుకోరన్న విషయం సంఘం పరిశీలనాంశాలలో లేదు. కనుక ప్రమాదం స్నేహంలోనే ఉందని తేలింది. వెంటనే స్నేహపూర్వక స్పర్ధల క్రమబద్ధీకరణ ఉత్తర్వులు వచ్చాయి. జిల్లాకొక పర్యవేక్షణ మండలి, మండలికొక అధికారి. గరువుపాలేనికి వచ్చినాయన పేరు తటవర్తి శేషాచలపతి.

ఆయన ఒక ఆదివారం ఇద్దరు గుమాస్తాలతో, మూడు మడత కుర్చీలతో రన్‌వే మీద దిగాడు. గుమాస్తాల చేతుల్లో నొక్కితే అంకె మారే చిన్న యంత్రాలున్నాయి, ఆయన జేబులోనూ ఒకటి ఉంది. పోటీ అయింది, రాజు ఓడాడు, డాక్టరు పెద్దకారు బానెట్టు మీద విస్తరి పరిచాడు. యంత్రాలు టిక్కుటిక్కుమంటూనే ఉన్నాయి. విస్తరి ఎత్తేశాక శేషాచలపతి గొంతు సవరించుకున్నాడు.

"ప్రస్తుత పరిశీలనా కాలావధిలో మీ ఇరుపక్షాల నడుమ వెలువడిన స్నేహం సున్నాకు దిగువన నమోదైనట్లు తెలియజేయుటకు చింతిస్తున్నాను."

"సున్నాకి కింద స్నేహం ఎక్కడుంటుందండీ?" అన్నాడు రాజు.

"మీ వద్ద ఉన్నది. కొలిచి చెబుతున్నాము."

"దేంతో కొలిచారండీ?"

శేషాచలపతి ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. స్నేహానికి ఇన్నాళ్లూ ప్రమాణం లేకపోవడం వల్లనే సమాజంలో ఇంత గందరగోళం ఏర్పడిందని, ఆ లోటును మండలి పూరించిందని, ఆ ప్రమాణం పేరు సౌమ్యమని వివరించాడు. సగటు ఆరోగ్యవంతుడొకడు, మరొక సగటు ఆరోగ్యవంతునికి, నీడపట్టున, కుర్చీ చూపునప్పుడు వెలువడు స్నేహము ఒక సౌమ్యము. "గారు" అంటే ఒక సౌమ్యం కలుస్తుంది. "దయచేసి" అంటే రెండు. "ఒరేయ్" అంటే మూడు పోతాయి. ఎదుటివాని వాహనాన్ని వంటింటి పరికరంతో పోలిస్తే ఐదు.

"మరి జలరవాణా సాధనంతో పోలిస్తేనండీ?" అని డాక్టరు వినయంగా అడిగాడు.

"అదియును ఐదే. మండలికి పక్షపాతం లేదు."

"అయ్యా, వీడి మీద ఇష్టం లేకపోతే ఆదివారం పూట ఇంత పొద్దున్నే లేచి వీడి మొహం చూడ్డానికి ఎందుకొస్తానండీ?" అన్నాడు రాజు.

"హాజరు వేరు, స్నేహం వేరు. మా కార్యాలయానికీ అందరూ హాజరవుతారు," అన్నాడు శేషాచలపతి. ఆ ఒక్క వాక్యం మాత్రం ఆయన అనుభవంలోంచి వచ్చినట్టు వినబడింది.

విషయం ఇదీ: దసరాలోగా స్నేహ సూచిక నూటికి అరవై సౌమ్యాలకు చేరకపోతే రన్‌వేకు కొత్తగా పెట్టిన గేటుకు తాళం వేస్తారు. చుట్టుపక్కల ఆ కార్లను అలా పరుగెత్తించే చోటు మరొకటి లేదు. రాజు పెద్దకారును కరకట్ట రోడ్డు మీదికి తెస్తే ఎదురుగా వచ్చే సైకిలు కూడా వెనక్కి వెళ్లి దారి ఇవ్వాలి. ఆదివారాలు పోతాయి. ఆదివారాలు పోతే రొయ్యల ధరల గురించి మాట్లాడేవాళ్లు తప్ప రాజుకు మనుషులే మిగలరు.

"ఏముందిరా, దసరా దాకా నటిద్దాం," అన్నాడు డాక్టరు. "నేను రోజూ రోగులతో నటించట్లేదూ? నొప్పుండదని."

అలా మొదలైంది.

మండలి ముందుగా అవగాహన శిబిరం పెట్టింది. వెటకారం పూర్తిగా నిషిద్ధం కాదని, ముందస్తు అనుమతి పొందిన వెటకారానికి అభ్యంతరం లేదని చెప్పారు. చేయదలచిన వెటకారాన్ని గురువారం సాయంత్రంలోగా మూడు ప్రతుల్లో సమర్పిస్తే, పరిశీలించి, అవసరమైన సవరణలతో శనివారం తిరిగి ఇస్తారు. రాజు "మిక్సీ" మాటను సమర్పించాడు. అది ఇలా తిరిగివచ్చింది: "తమ వాహనము నుండి వెలువడు ధ్వని గృహోపయోగకరముగా ఉన్నదని మనవి. అన్యథా భావించవలదు." ఆదివారం రన్‌వే మీద రాజు ఆ కాగితం చూసి చదివాడు. డాక్టరు తన కాగితం తీసి, "తమ వాహనము గమనమునందు గాంభీర్యము వహించుచున్నది. కృతజ్ఞతలు," అని చదివాడు. కుర్రకారు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక శేషాచలపతి వైపు చూశారు. గుమాస్తాల యంత్రాలు మొదటిసారి పైకి నడిచాయి.

రెండో నెలలో మండలి ఇంకాస్త లోతుగా పరిశీలించి, గెలవడమే అసలు సమస్య అని కనుగొంది. ఒకరు గెలిచిన ప్రతిసారీ మరొకరు ఓడుతున్నారు. ఇందుకు మినహాయింపు ఒక్కటీ రికార్డుల్లో దొరకలేదు. కనుక రెండు కార్లూ ఒకేసారి గీత దాటాలని ఆదేశించారు. ఒకేసారి దాటించేందుకు రెండు కార్ల కిటికీలకూ కలిపి ఒక గులాబీరంగు రిబ్బను కట్టారు. రిబ్బను తెగితే స్నేహం తెగినట్టు. రిబ్బను తెగకుండా నడపాలంటే నడకను మించిన వేగం పనికిరాదు. ఎనిమిది సిలిండర్లతో ఒకరూ, టర్బోతో మరొకరూ, పెళ్లి ఊరేగింపులా రన్‌వే ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లారు. పక్కనే పోతున్న గేదె ఒకటి వాళ్లను దాటిపోయింది. దానికి లైసెన్సు అవసరం లేదు.

ఆ తరువాత ఇంజను గర్జన మాటలు లేని అవమానమని గుర్తించారు. పొగగొట్టాల్లో గోనెపట్టాలు కుక్కారు. పెసరట్టు సంగతి చివరికి వచ్చింది. ఒకరి బానెట్టు మీద మరొకరు తినడం ఆధిపత్య ప్రదర్శన అన్నారు. ఎవరి కారులో వారు, తలుపులు వేసుకుని, ముందుకు చూస్తూ తినాలి. వారంవారం గేటు దగ్గర నోటీసు బోర్డు మీద అంకె మారుతోంది: పదిహేను, ముప్పై, నలభై నాలుగు, అరవై రెండు.

"గట్టెక్కామండీ," అన్నాడు రాజు, అరవై దాటిన రోజున.

"చాలా సంతోషమండీ," అన్నాడు డాక్టరు.

అన్నాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చుట్టుపక్కల గుమాస్తాలెవరూ లేరు.

నటన అనేది పంటి మీద పాచిలాంటిది, కడగకపోతే గట్టిపడుతుంది. దసరా దగ్గరపడ్డాక ఒక సాయంత్రం రాజుకు దవడపన్ను సలిపింది. అలవాటు ప్రకారం డాక్టరు ఆసుపత్రికి వెళ్లాడు. ఇదివరకైతే లోపలి నుంచే కేక వినబడేది: "రొయ్య తలకాయలు కొరకొద్దని చెప్పానా? కూర్చో, నోరు తెరు, నీకు కొత్తేం కాదుగా." ఆ కేక విన్న క్షణంలోనే సగం నొప్పి తగ్గేది. అందులో మాయేమీ లేదు, మనసు మరలితే నొప్పి తగ్గుతుందన్నది వైద్యం ఒప్పుకున్న విషయమే.

ఆ రోజు డాక్టరు లేచి నిలబడ్డాడు.

"రండి రాజుగారూ. దయచేసి కూర్చోండి. నోరు కొంచెం తెరవగలరా?"

రాజు తెరిచాడు. డాక్టరు మందు వేశాడు, పన్ను చూశాడు, జాగ్రత్తలు చెప్పాడు, గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. "అసౌకర్యానికి చింతిస్తున్నానండీ," అన్నాడు. రాజు కూడా, "ఎంతమాటండీ, మీ విలువైన సమయం తీసుకున్నాను," అన్నాడు. అని, మెట్లు దిగి, ఇంటిదారి పట్టాడు.

ఇంటికి రాగానే భార్య సుభద్ర మొహం చూసి కంగారుపడింది. "పన్ను పీకేశారేంటండీ?"

"లేదు. చూశాడు. మీరు, రండి, దయచేసి అన్నాడు."

సుభద్ర చేతిలోని గిన్నె కింద పెట్టి, పీట మీద కూర్చుంది. "ఏసుపాదం అన్నయ్యా? మిమ్మల్నా? మీ ఇద్దరి మధ్య ఏం జరిగిందండీ?"

"ఏమీ జరగలేదు. అదే మరి."

ఆ రాత్రి అతనికి పన్ను సలపలేదు గానీ నిద్ర పట్టలేదు. డాక్టరు ఇంకా నటిస్తున్నాడా, నటించడం మానేశాడా అన్నది కొలిచే యంత్రమేదీ అతనికి తట్టలేదు. తనవైపు నుంచి చూసుకున్నా అదే ప్రశ్న. మరుసటి ఆదివారం పలకరింపులు అయ్యాక ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ దొరకలేదు. ఆ పై ఆదివారం వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. అదే వారం బోర్డు మీద అంకె తొంభై ఏడుకు చేరింది. రాష్ట్రంలో అంతకు మించిన స్నేహం మరెక్కడా నమోదు కాలేదు.

శేషాచలపతి స్వయంగా రాజు ఇంటికి వచ్చి చేయి కలిపాడు. దసరా మర్నాడు రన్‌వే మీద సభ, ఇద్దరికీ ఆదర్శ స్పర్ధాళువుల పురస్కారం, రన్‌వేకు శాశ్వత అనుమతి. "మిగిలిన మూడు సౌమ్యాలు కూడా సాధించగలరని మండలి ఆశిస్తున్నది," అన్నాడు.

సభకు షామియానా వేశారు. పై అధికారులు వచ్చారు. ఒక పెద్దమనిషి స్నేహం చరిత్రను ఆదిమానవుడి దగ్గర నుంచి మొదలుపెట్టి మధ్యయుగాల దాకా తెచ్చాడు. తరువాత రిబ్బను కట్టిన కార్లు రెండూ వేదిక ముందు నుంచి నెమ్మదిగా సాగాలి. జెండా ఊపారు. జపాను బండి కదిలింది. పెద్దకారు కదలలేదు.

రాజు తాళం మళ్లీ తిప్పాడు. ఎనిమిది సిలిండర్లలో ఒక్కటీ పలకలేదు. నెలల తరబడి నడకవేగంతో నడిచి, గోనెపట్టా మింగిన ఇంజను మరేం చేస్తుంది? రిబ్బను బిగుసుకుంది. డాక్టరు బండి ఆపి, దిగి, రాజు కిటికీ దగ్గరకు వచ్చాడు. ఇలాంటి సందర్భానికి మండలి ఆమోదించిన వాక్యం ఉంది. అతను జేబులోంచి కాగితం తీశాడు. గుమాస్తాలు వేళ్లు యంత్రాల మీద పెట్టుకున్నారు.

"తమ వాహనమునకు కలిగిన..." అని మొదలుపెట్టి ఆగాడు. రాజు అతని మొహంలోకి చూశాడు. ఇన్ని నెలల్లో ఇంత దగ్గరగా చూడటం పన్ను చూపించుకున్న రోజు తరువాత ఇదే. డాక్టరు కింది పెదవి కొద్దిగా వణికింది. చిన్నప్పుడు లెక్కల మాస్టారి వెనక నవ్వు ఆపుకునేటప్పుడు అలాగే వణికేది.

రాజు ముందు రెండే దారులున్నాయి. మాట్లాడకుండా కూర్చుంటే రన్‌వే శాశ్వతంగా మిగులుతుంది. కానీ దాని మీదికి ఎవరితో రావాలి?

"ఒరేయ్," అన్నాడు రాజు. "ఉత్తరం తరువాత చదువుదువుగాని, ముందు ఆ మిక్సీ పక్కనపెట్టి, వచ్చి తొయ్యి."

టిక్కు, టిక్కు, టిక్కు.

డాక్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నేనొక్కణ్ణే తొయ్యడానికి ఇదేమైనా కారట్రా? దీన్ని కదపాలంటే రథోత్సవం కమిటీ వాళ్లకు కబురు పెట్టాలి. మోకులున్నాయా?"

"నీ నోరుంటే మోకులెందుకురా. కాస్త గాలి వదులు, దొర్లుతుంది."

"ఎన్నాళ్లకన్నావురా ఆ మాట. నీ దవడపన్ను ఎలా ఉంది, సన్నాసి?"

"నువ్వు దయచేసి అన్నప్పటి నుంచీ ఎక్కువైంది."

షామియానా కింద ముందు ఒక మూల నవ్వు పుట్టి, తరువాత అంతటా పాకింది. కుర్రకారూ పెద్దబండ్లవాళ్లూ కలిసి వెనక చేరి తోశారు. గోనెపట్టా గుండులా ఎగిరిపోయింది, ఇంజను గర్జించింది, వేదిక మీద మంచినీళ్ల గ్లాసులు నడిచాయి. గుమాస్తా ఒకడు యంత్రం చెవి దగ్గర పెట్టుకుని, "సార్, ఇది సున్నా దాటి వెనక్కి తిరుగుతోందండీ," అన్నాడు.

శేషాచలపతి మైకు ముందుకు వచ్చాడు. ఆయన కంఠంలో కోపం లేదు, విధి ఉంది. "ఈ ఇరువురి నడుమ ఎట్టి స్నేహమూ లేదని శాస్త్రీయముగా నిర్ధారణ అయినందున, వీరి స్నేహపూర్వక స్పర్ధానుమతిని తక్షణమే రద్దు చేయడమైనది. గేటుకు తాళం వేయబడును."

తాళం వేశారు. దాని పక్కన ఉత్తర్వు ప్రతిని కూడా అంటించారు. ఆదివారం పొద్దున్నే రాజూ డాక్టరూ గేటు బయట నిలబడి, పెసరట్లు చేత్తో పట్టుకుని తింటూ, చేయడానికి మరే పనీ లేక, ఆ ఉత్తర్వును మొదటి నుంచి చివరి దాకా చదివారు. చదవడంలో ఉన్న ప్రయోజనాన్ని మనం తక్కువ అంచనా వేస్తాం.

సోమవారం ఇద్దరూ శేషాచలపతి కార్యాలయానికి వెళ్లారు.

"మీ ఉత్తర్వు స్నేహపూర్వక స్పర్ధలకే కదండీ?" అన్నాడు రాజు.

"నిస్సందేహంగా."

"మేం శత్రువులమని మీరే తేల్చారు."

"శాస్త్రీయంగా."

"అయితే మా పోటీకి మీ అనుమతి ఎందుకండీ? మీ తాళం మాకెలా వర్తిస్తుంది?"

శేషాచలపతి ఉత్తర్వు తీశాడు, తిరగేశాడు, వెనక్కి తిరగేశాడు. శత్రువులు పోటీ పడటం గురించి అందులో ఒక్క ముక్క లేదు. శత్రుత్వం పోలీసుశాఖ పరిధిలోనిదని రాసి వాళ్లను ఠాణాకు పంపాడు. అక్కడి సబ్‌ఇన్‌స్పెక్టరు ఆ కాగితం చదివి అడిగాడు: "కొట్టుకున్నారా?"

"లేదండీ."

"కొట్టుకునే ఉద్దేశం?"

"వీడు అలిసిపోతాడండీ," అన్నాడు డాక్టరు.

"అయితే నా దగ్గరకెందుకొచ్చారయ్యా? కొట్టుకున్నాక రండి."

కాగితం తిరిగి శేషాచలపతికి చేరింది. ఆయన వారం రోజులు ఆలోచించి, నిబంధనల మధ్య ఒక దారి చూశాడు. శత్రువులు తాము శత్రువులమేనని ఏటేటా ధ్రువపరచుకుంటే రన్‌వేను వాడుకోవచ్చు. అయితే ఎవరుపడితే వారు శత్రువులమని చెప్పుకుని లబ్ధి పొందకుండా, ఒక్కొక్కరికీ ఒక సాక్షి ఉండాలి. ఆ సాక్షి అభ్యర్థిని చిరకాలంగా, అతి సన్నిహితంగా ఎరిగినవాడై, అతని మంచిచెడ్డలకు పూచీ పడగలవాడై ఉండాలి.

"అలాంటివాడెవరైనా మీకున్నారా?" అని అడిగాడు.

రాజు డాక్టరు వైపు చూశాడు. డాక్టరు అప్పటికే కలం మూత తీస్తున్నాడు.

"ఇటివ్వండి, వీడికి నేను సంతకం పెడతాను," అన్నాడు. "వీడంత శత్రువు నాకు ఇంకొకడు లేడు."

తన వంతు వచ్చినప్పుడు రాజు కూడా సంతకం పెట్టాడు. శేషాచలపతి రెండు సంతకాలూ పోల్చి చూసి, నిబంధనలన్నీ నెరవేరాయని తృప్తిపడి, ముద్ర వేశాడు.

ఆ ఆదివారం తాళం తీశారు. రాజు గెలిచాడు. డాక్టరు తన బండి బానెట్టు తుడిచి విస్తరి పరిచి, అల్లం పచ్చడి గిన్నెతో పక్కన నిలబడ్డాడు. తాళం తీయడానికి వచ్చిన శేషాచలపతి, ఆ రోజు సెలవు కనుక, వెళ్లకుండా దూరంగా తచ్చాడుతున్నాడు. జిల్లాకు వచ్చిన నాటి నుంచి ఆయన్ని అందరూ గారు అనే పిలిచారు. కుర్చీ చూపించని ఇల్లు లేదు. ఏ ఇంటికీ రెండోసారి పిలిచినవాళ్లు లేరు.

రాజు పెసరట్టు తుంచుతూ తలెత్తి చూశాడు.

"ఏవయ్యా సౌమ్యం," అన్నాడు, "వాసన పీల్చి కొలుస్తున్నావా, వచ్చి తినేదేమైనా ఉందా?"

శేషాచలపతి చేయి అలవాటుగా యంత్రం కోసం జేబులోకి వెళ్లింది. జేబు ఖాళీగా ఉంది. ఆయన ఒకసారి వెనక్కి చూసుకుని, తననేనని నిర్ధారించుకుని, బానెట్టు దగ్గరకు నడిచాడు.